షాట్‌గన్ మడమకు రీకాయిల్ ప్యాడ్: ఇంట్లోనే కొలిచి, కోసి, అరగదీసి బిగించుకోవడం

ట్రాప్ షూటింగ్ అంటే గాలిలోకి ఎగరేసిన క్లే (మట్టి) బిళ్లలను షాట్‌గన్‌తో కొట్టే ఆట, అందులో ఒక రౌండ్ అంటే 25 బిళ్లలు. పోటీకి దిగితే ఒకే రోజు 100 పేల్చాల్సి రావచ్చు. ఏడున్నర పౌండ్ల 12 గేజ్ తుపాకీలో 1⅛ ఔన్సుల రవ్వలున్న మామూలు తూటా పేలిస్తే, ఆ తుపాకీ సెకనుకు దాదాపు 4 మీటర్ల వేగంతో భుజం మీదికొస్తుంది. పాత తుపాకుల మడమకు, అంటే భుజానికి ఆనే వెనక కొసకు, ఉండేది గట్టి ప్లాస్టిక్ పలక. దాంతో 100 తూటాలు పేల్చినవాళ్లకు మర్నాడు చొక్కా తొడుక్కోవడం కూడా కష్టమే.

మంచి రబ్బరు ప్యాడ్ ఈ బాధను బాగా తగ్గిస్తుంది. తుపాకీ వెనక్కి తన్నే ఈ తన్ను, అంటే రీకాయిల్, ఎక్కడికీ పోదు, కానీ ప్యాడ్ దాన్ని ఇంకాస్త ఎక్కువ సమయంలో, ఎక్కువ వైశాల్యం మీద భుజానికి అందిస్తుంది. అయితే ప్యాడ్ ఎంత మెత్తగా ఉంది అన్నదానికన్నా, దాన్ని బిగించాక తుపాకీ పొడవు, మడమ కోణం మీ ఒంటికి కుదిరాయా అన్నదే ముఖ్యమని నా గట్టి నమ్మకం. అందుకే ఈ వ్యాసంలో కొలతలకు ఎక్కువ చోటిచ్చాను. అరగదీయడం అందరినీ భయపెడుతుంది గానీ, ఓపిక ఉంటే అది వచ్చేస్తుంది. తప్పు కొలతతో కోసిన కర్రను మాత్రం మళ్లీ అతికించలేం.

ముందుగా చట్టం సంగతి. ఇది అమెరికాలో సొంత తుపాకీ ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. అక్కడ సొంత తుపాకీకి ప్యాడ్ మార్చుకోవడం మామూలు పనే. కాకపోతే షాట్‌గన్ మొత్తం పొడవు 26 అంగుళాలకు, బ్యారెల్ 18 అంగుళాలకు తగ్గకూడదన్న ఫెడరల్ నియమం ఉంది. పొడవాటి బ్యారెల్ ఉన్న క్లే తుపాకీకి ఆ ఇబ్బంది రాదు, పొట్టి తుపాకీ అయితే కొలిచి చూసుకోండి. భారతదేశంలో పరిస్థితి వేరు. 1959 ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల మరమ్మతుకే లైసెన్సు కావాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు ఈ పనిని లైసెన్సున్న డీలర్‌కే అప్పగించండి. ఏం అడగాలో, అతను సరిగా చేశాడో లేదో తెలుసుకోవడానికి ఈ వివరాలు మీకూ పనికొస్తాయి.

ఏ తుపాకీకి చేయాలి, దేనికి వద్దు

1950లో వచ్చిన రెమింగ్టన్ 870 లాంటి పంప్ తుపాకీ మొదటి ప్రయత్నానికి చక్కగా సరిపోతుంది. లక్షలాదిగా తయారైంది, వాల్‌నట్ కర్ర స్టాక్ (తుపాకీ వెనక ఉండే కర్ర భాగం) మళ్లీ దొరుకుతుంది. తాతల నాటి ఇంగ్లిష్ జోడు గొట్టాల తుపాకీ, ఫ్యాక్టరీ పలక చెక్కుచెదరని పాత వించెస్టర్ లాంటివాటిని మాత్రం కోయకండి. కోసిన మర్నాడే వాటి విలువ పడిపోతుంది. వాటికి మడమ మీద తొడుగులా ఎక్కే ప్యాడ్ వేసుకుంటే చాలు.

ప్యాడ్లు మూడు రకాలు. ఒకటి తొడుగు రకం. రెండోది ఫలానా మోడల్‌కు ముందే ఆకారం కోసి అమ్మేది, ప్రీఫిట్. మూడోది పెద్ద సైజులో వచ్చేది, మనమే స్టాక్‌కు సరిపడా అరగదీసుకోవాలి. ప్యాక్‌మేయర్ డిసిలరేటర్, లింబ్‌సేవర్, కిక్-ఈజ్ పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. ప్రీఫిట్ సులువే, కానీ ఒకే మోడల్ స్టాక్‌లలో కూడా ఫ్యాక్టరీలో పాలిష్ పట్టేటప్పుడు చిన్న తేడాలు వస్తాయి. అందుకే కొన్నిచోట్ల ప్యాడ్ అంచు బయటికి పొడుచుకొస్తుంది, కొన్నిచోట్ల కర్ర కనిపిస్తుంది. స్టాక్‌ను కోసి పొట్టి చేస్తే ప్రీఫిట్ అసలే సరిపోదు, ఎందుకంటే స్టాక్ ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. కాబట్టి మనకు కావలసింది మూడో రకం.

కొలతలు: ఇక్కడ తొందరపడొద్దు

తుపాకీ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. పని మొదలయ్యాక బ్యారెల్ తీసేయడం ఇంకా మంచిది, కానీ ఈ కొలతలకు అది కావాలి.

మొదటి కొలత ట్రిగ్గర్ ముందు భాగం నుంచి మడమ మధ్య వరకు ఉన్న దూరం. షూటర్లు దీన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. అమెరికన్ ఫ్యాక్టరీ తుపాకుల్లో ఇది సాధారణంగా 14 నుంచి 14½ అంగుళాలు. వాళ్లు సగటు అమెరికన్ మగవాడిని దృష్టిలో పెట్టుకుని చేసిన కొలత ఇది. మనవాళ్లలో చాలామందికి ఇది కాస్త ఎక్కువే. ఆడవాళ్లకు, టీనేజ్ పిల్లలకు 13 అంగుళాలు కుదరడం మామూలే. తుపాకీ పొడవైతే మడమ చంక దగ్గర బట్టలకు తగులుకుంటుంది, చివరికి దండ మీద ఆనుతుంది. దండ మీద నీలంగా కమిలిందంటే ముందు పొడవును అనుమానించండి. పొట్టిదైతే కుడి బొటనవేలి కణుపు వచ్చి ముక్కుకు తగులుతుంది, ట్రిగ్గర్ గార్డ్ మధ్యవేలిని కొడుతుంది.

మోచేతి మడతలో మడమను పెట్టి వేలు ట్రిగ్గర్‌కు అందితే సరిపోయినట్టే అని కొందరు చెబుతారు. దాన్ని నమ్మకండి. మెడ పొడవు, ఛాతీ వెడల్పు, చెంప ఆకారం అందులో లెక్కకు రావు. మీరు షూటింగ్‌కు వేసుకునే బట్టలే వేసుకుని, కళ్లు మూసుకుని తుపాకీని భుజానికెత్తి, చెంప ఆనించి కళ్లు తెరవండి. బొటనవేలి కణుపుకూ ముక్కుకూ మధ్య రెండు వేళ్ల దూరం ఉంటే పొడవు కుదిరినట్టే. ఎక్కువుంటే తగ్గించాలి. చలికాలం మందపాటి కోటు వేసుకుని వేటకు వెళ్లే తుపాకీ అయితే ఆ కోటుతోనే చూడాలి. పావు అంగుళం తేడా కోటు మందంలోనే పోతుంది.

రెండో కొలత మడమ కోణం, పిచ్. తుపాకీని మడమ మీద నేలపై నిలబెట్టి, మడమ పూర్తిగా నేలకు ఆనేలా ఉంచి, రిసీవర్ (ట్రిగ్గర్‌కు పైన ఉండే లోహపు భాగం) పైభాగం గోడకు తాకేదాకా జరపండి. బ్యారెల్ కొసకూ గోడకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది. 28 అంగుళాల బ్యారెల్‌కు అది సుమారు 2 అంగుళాలుంటే మామూలు కోణం. ఈ ఖాళీ బాగా తక్కువైతే మడమ కింది కొస ఛాతీలో గుచ్చుకుంటుంది, బరువైన ఛాతీ ఉన్నవాళ్లకు ఇది మరీ ఇబ్బంది. మరీ ఎక్కువైతే మడమ భుజం మీద పైకి జారుతుంది. ఇప్పుడున్న కోణంతో మీకు ఇబ్బంది లేకపోతే దాన్ని అలాగే ఉంచండి. మొదటిసారే పొడవు, కోణం రెండూ మార్చకండి.

ఇక లెక్క చూద్దాం. ఇప్పుడు పొడవు 14¼, పాత పలక మందం ¼, అంటే కర్ర వరకు 14. మీకు కావలసింది 13¾, కొత్త ప్యాడ్ మందం 1 అంగుళం. అప్పుడు కర్ర 12¾ దగ్గర ఆగాలి, అంటే 1¼ అంగుళాలు కోయాలి. ఇది కాగితం మీద రాసి, ఇంకొకరి చేత చూపించుకోండి. కొత్త ప్యాడ్‌ను అట్టముక్కలతో, టేపుతో తాత్కాలికంగా నిలబెట్టి భుజానికెత్తి చూడటం కూడా మంచిదే. సందేహం ఉంటే ⅛ అంగుళం తక్కువ కోయండి. తర్వాత ఇంకా కోయొచ్చు.

కోత

పాత పలక రెండు స్క్రూలతో ఉంటుంది. అవి తీశాక కనిపించే లోతైన రంధ్రంలో, పొడవాటి స్క్రూడ్రైవర్‌తో స్టాక్ బోల్టు విప్పితే కర్ర ఊడివస్తుంది. స్టాక్‌ను విడిగా తీయకుండా కోత జోలికి వెళ్లకండి.

కోసే చోట మాస్కింగ్ టేపును రెండు చుట్లు చుట్టి, గీత దాని మీద గీయండి. గీత వెంట పదునైన కత్తితో కర్రలోకి గాటు పెట్టండి. రంపం పళ్లు బయటికొచ్చే వైపు పాలిష్, కర్ర పెచ్చులుగా లేవకుండా ఆపేది ఆ గాటే. సన్నని పళ్లు దండిగా ఉన్న, అంటే 80 పళ్ల బ్లేడు వేసిన మైటర్ రంపం ఉత్తమం. చేతి రంపంతోనూ కోయొచ్చు, కానీ తర్వాత చదును చేయడానికి ఎక్కువసేపు పడుతుంది.

స్టాక్‌ను రంపం బల్ల మీద పక్కకు పడుకోబెట్టినప్పుడు అది సమంగా ఉండదు. మడమ దగ్గర లావు, పిడి దగ్గర సన్నం. పిడి కింద చెక్కముక్కలు పెట్టి మధ్యగీత బల్లకు సమాంతరంగా వచ్చేలా ఎత్తండి. లేకపోతే ప్యాడ్ ఒక పక్కకు వాలి కూర్చుంటుంది. కోణం కాపాడుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. ప్లగ్ తీసేసిన రంపం బ్లేడును పాత మడమ ముఖానికి ఆనించి, పై కొస నుంచి కింది కొస దాకా ఎక్కడా సందు లేకుండా రంపాన్ని తిప్పి బిగించండి. పాత మడమ వంపుగా ఉంటే రెండు కొసలకూ స్కేలు ఆనించి ఆ స్కేలును చూసి పెట్టండి. ఆ తర్వాత స్టాక్‌ను కోయాల్సినంత దూరం జరిపితే కోణం మారదు. కింద పారేసే చెక్క ఒకటి పెట్టి, స్టాక్‌ను క్లాంపుతో బిగించి, బ్లేడు పూర్తి వేగం అందుకున్నాక నెమ్మదిగా దించండి.

ప్యాడ్ కూర్చునే ముఖం

ప్యాడ్ బాగా కుదిరిందో లేదో చెప్పేది కర్రకూ ప్యాడ్‌కూ మధ్య కనిపించే గీత. అది వెంట్రుకలా సన్నగా ఉండాలి. గాజుపలక మీదో, నున్నటి గ్రానైట్ పలక మీదో 100 గ్రిట్ శాండ్‌పేపర్ అతికించి, మడమ ముఖం మీద పెన్సిల్‌తో గీతలు గీసి, నిటారుగా పట్టుకుని కొద్దికొద్దిగా రుద్దండి. పెన్సిల్ గీతలు ఎక్కడ మిగిలాయో అక్కడ గుంట ఉన్నట్టు. అంచుల దగ్గర అవి పూర్తిగా పోవాలి. మధ్యలో కొద్దిగా గుంట ఉన్నా పర్వాలేదు. నిజానికి ఉలితో మధ్యభాగాన్ని చాలా కొద్దిగా తీసేస్తే అంచులు మాత్రమే గట్టిగా ఆనుతాయి, సందు కనిపించదు. అంచుకు అర సెంటీమీటరు దూరంలోనే ఆగిపోండి.

పాత స్క్రూ రంధ్రాలు కొత్తవాటికి దగ్గరగా ఉంటే, గట్టి కర్ర డోవెల్‌ను ఎపాక్సీతో దిగ్గొట్టి, ఆరాక చదును చేయండి. ఒక రోజు ఆరనివ్వండి. ప్యాడ్‌ను మధ్యకు సరిచూసి పెట్టి రంధ్రాల చోట గుర్తులు పెట్టండి. 8వ నంబరు స్క్రూకు వాల్‌నట్‌లో ⅛ అంగుళం డ్రిల్ బిట్ సరిపోతుంది. లోతు తెలియడానికి బిట్‌కు టేపు ముక్క చుట్టుకోండి. రంధ్రం మడమ ముఖానికి నిలువుగా దిగాలి, వంకరగా దిగితే బిగించేటప్పుడు స్క్రూ ప్యాడ్‌ను పక్కకు లాగుతుంది. స్క్రూకు కాస్త మైనం పూస్తే కర్ర పగలదు.

ప్యాడ్ ముఖం మీద స్క్రూ రంధ్రాలు కనిపించవు. వెనకవైపు నుంచి స్క్రూడ్రైవర్ కడ్డీని రంధ్రంలోకి తోస్తే ముఖం మీద చిన్న బొడిపె లేస్తుంది. ఆ బొడిపె మీద కొత్త బ్లేడుతో 3 మిల్లీమీటర్ల నిలువు గాటు ఒక్కటి పెట్టండి. స్క్రూకూ కడ్డీకీ గిన్నెలు తోమే సబ్బు రాసి, చేత్తోనే బిగించండి. ఇక్కడ డ్రిల్ వాడితే తిరిగే కడ్డీ గాటు అంచులను చింపేస్తుంది, ఆ మచ్చ ఎప్పటికీ కనిపిస్తుంది.

గీత గీసి, అరగదీయడం

స్టాక్ చుట్టూ ఒక పొర టేపు వేసి, ప్యాడ్ బిగించి, సూదిమొన పనిముట్టుతో స్టాక్ అంచు వెంబడి ప్యాడ్ గట్టి అడుగు (కర్రకు ఆనే పలక) మీద గీత లాగండి. టేపు మందం వల్ల ఆ గీత కర్రకు ఒక వెంట్రుకవాసి బయట పడుతుంది. మనకు కావలసిందీ అదే. నల్లటి అడుగు మీద కనిపించడానికి గీతలో తెల్ల పెన్సిల్ రుద్దండి. ఇప్పుడు ప్యాడ్ విప్పేయండి.

గ్యారేజీ తలుపు తెరిచి, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. రబ్బరు పొడి సన్నగా, జిడ్డుగా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. వదులు చేతుల చొక్కా వద్దు, ఉంగరాలు తీసేయండి.

60 లేదా 80 గ్రిట్ కొత్త బెల్టుతో, బెల్ట్ శాండర్ మీద గీతకు 1 మిల్లీమీటరు దూరం వరకు తీయాలి. అరిగిన బెల్టు కోయదు, వేడి మాత్రం పుట్టిస్తుంది. ప్యాడ్‌ను మూడు నాలుగు సెకన్లు తాకించి తీసేయండి, తిప్పండి, మళ్లీ తాకించండి. రబ్బరు వాసన ఘాటుగా వచ్చిందంటే వేడెక్కిందనే, అక్కడ రబ్బరు జిగురుగా మారిపోతుంది. అదిమి పట్టొద్దు. మెత్తటి రబ్బరు ఒత్తిడికి లోపలికి నొక్కుకుని, వదిలాక మళ్లీ ఉబ్బుతుంది. గట్టి అడుగు మాత్రం అరిగిపోతుంది. ఆ తేడాతో అంచు ఎగుడుదిగుడుగా తయారవుతుంది. మరీ మెత్తటి ప్యాడ్‌ను కొందరు ముందు ఫ్రీజర్‌లో పెడతారు. ఆ గట్టితనం కొద్ది నిమిషాలే ఉంటుంది గానీ ప్రయోజనం ఉంది.

చూసేవాళ్ల కళ్లు ముందు పడేది కింది కొస మీదే. స్టాక్ అడుగు భాగం పిడి నుంచి మడమ వైపుకు ఏటవాలుగా దిగుతుంది. ప్యాడ్ కింది వైపు అదే వాలును కొనసాగించాలి. చాలామంది అంతా మడమ ముఖానికి నిలువుగా అరగదీసేస్తారు, అప్పుడు స్టాక్ వాలు ప్యాడ్ మొదలయ్యే చోట విరిగినట్టు కనిపిస్తుంది. కోణం కొలిచే పనిముట్టుతో స్టాక్ అడుగుకూ మడమ ముఖానికీ మధ్య కోణం పట్టుకుని, శాండర్ బల్లను అంత వంచి కింది కొసను తీయండి. ప్యాడ్‌ను సరైన వాలులో పట్టి ఉంచే జిగ్‌లు బజార్లో దొరుకుతాయి. ఒకటి కన్నా ఎక్కువ ప్యాడ్లు చేసేట్టయితే కొనుక్కోవడమే మేలు. పై కొసలో వాలు ముఖం వైపుకు లోపలికి ఉండాలి, అంచు గుండ్రంగా ఉండాలి. భుజానికి ఎత్తేటప్పుడు చొక్కాకు తగులుకునేది ఆ అంచే. పక్కల దగ్గర నిలువుగా ఉంచితే చాలు.

మధ్యలో ప్యాడ్‌ను స్టాక్‌కు బిగించి, స్టాక్ అడుగున స్టీలు స్కేలు ఆనించి చూడండి. స్కేలు పిడి నుంచి ప్యాడ్ కొస దాకా ఎక్కడా వెలుతురు రాకుండా ఆనాలి.

చివరి మిల్లీమీటరు చేత్తోనే

ప్యాడ్‌ను స్టాక్‌కు బిగించి, అతుకు దాకా స్టాక్‌కు రెండు పొరల టేపు వేయండి. కింది పొర ఒక రంగు, పై పొర ఇంకో రంగు ఉండాలి. గట్టి చెక్క దిమ్మకు 120 గ్రిట్ కాగితం చుట్టి, దిమ్మ ప్యాడ్ మీదా టేపు మీదా ఒకేసారి ఆనేలా నిదానంగా రుద్దండి. వేళ్లతో కాగితం పట్టుకుని రుద్దితే రబ్బరులో గుంటలు పడతాయి, దిమ్మ తప్పనిసరి. పై పొర చిరిగి కింది రంగు కనిపించిన చోట ఆగిపోండి, ఇంకో చోటికి వెళ్లండి. చుట్టూ ఒకేలా కింది రంగు తొంగిచూస్తే పని దాదాపు అయిపోయినట్టే. అప్పుడు 220 గ్రిట్‌తో, నీళ్లలో తడుపుతూ, పాత గీతలు పోయేదాకా తేలిగ్గా రుద్దండి. స్టాక్‌కు కొత్త పాలిష్ వేయాలనుకునేవాళ్లు టేపు లేకుండా కర్రనూ ప్యాడ్‌నూ కలిపి రుద్దుకోవచ్చు. అందులో వచ్చే అతుకంత నున్నటిది ఇంకెలాగూ రాదు.

అరిగిన రబ్బరు మొదట బూడిదరంగులో మొరటుగా కనిపిస్తుంది. మినరల్ స్పిరిట్స్ తడిపిన గుడ్డతో తుడిస్తే నలుపు తిరిగొస్తుంది. పై కొస ఇంకా బట్టలకు పట్టుకుంటుంటే, నున్నటి ఎలక్ట్రికల్ టేపు చిన్నముక్క అక్కడ అతికించండి. అది అందంగా ఉండదు గానీ బాగా పనిచేస్తుంది.

ప్యాడ్ ఒకసారి విప్పి, కోసిన కర్ర ముఖానికి పాలీయురేథేన్ గానీ టంగ్ ఆయిల్ గానీ పల్చగా రెండు మూడు పూతలు వేయండి, స్క్రూ రంధ్రాల లోపలకు కూడా. కోసిన ముఖం గాలిలోని తేమను తక్కిన కర్రకన్నా త్వరగా పీల్చుకుంటుంది. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లో ఈ పని వదిలేస్తే కర్ర ఉబ్బి, ఇంత శ్రమపడి కుదిర్చిన అతుకు చెడిపోతుంది. పూతలు పూర్తిగా ఆరాక ప్యాడ్ బిగించండి. జిగురు మాత్రం పెట్టకండి. రబ్బరు కొన్నేళ్లకు గట్టిపడుతుంది, అప్పుడు మార్చక తప్పదు. స్టాక్ బోల్టు బిగించాలన్నా ప్యాడ్ ఊడి రావాలి.

మొదటిసారి రేంజ్‌కు తేలికపాటి తూటాలతో వెళ్లండి. 25 పేల్చాక స్క్రూలు వదులయ్యాయేమో చూడండి, 100 అయ్యాక ఇంకోసారి చూడండి. భుజం గుంటలో తప్ప వేరేచోట కమిలితే పొడవునో కోణాన్నో మళ్లీ కొలవండి. కోసేసిన కర్రముక్కను పారేయకండి. పిల్లల కోసం పొట్టి చేసిన తుపాకీని వాళ్లు ఎదిగాక పొడవు పెంచాల్సి వస్తే, రంగూ రేఖలూ కలిసే కర్ర మీకు అదొక్కటే. దాని మీద తుపాకీ పేరు, కోసిన తేదీ, కోసిన కొలత రాసి తుపాకీ పెట్టెలోనే ఉంచండి.